ఇల్లంతా మూలమూలా శుభ్రం చేయడం: ఏ మురికికి ఏది, ఏది ముందు, ఏది తర్వాత

రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టే ఇంట్లో కూడా చెయ్యి పడని చోట్లు చాలానే ఉంటాయి. ఫ్యాన్ రెక్కల పైభాగం, తలుపు చట్రం పై అంచు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు, కమోడ్ వెనక సందు, మంచం కింద గోడవార. ఇన్నాళ్లూ పేరుకుపోయిన ఆ బాకీ ఒక్కసారిగా తీర్చడమే డీప్ క్లీనింగ్.

దీనికి కండబలం కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ మురికికి ఏది విరుగుడో తెలిసి, అది పనిచేసేదాకా ఆగే ఓపిక ఉంటే సగం పని అయిపోయినట్టే. చెమటలు కక్కుతూ రుద్దాల్సి వస్తోందంటే, వాడిన వస్తువు తప్పయినా అయ్యుండాలి, ఇంకో పావుగంట ఆగకుండా మొదలుపెట్టడమైనా అయ్యుండాలి.

మురికిని గుర్తుపట్టడం

వంటగది అల్మరా తలుపుల మీద, చిమ్నీ మీద జిగురులా పట్టేది నూనె జిడ్డు. దానికి వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మొండి జిడ్డయితే క్షారం కావాలి, అంటే వాషింగ్ సోడా. చాలామంది దీనికి బదులు వంటసోడా వాడి, పోవట్లేదని విసుక్కుంటారు. వంటసోడా క్షారగుణం చాలా తక్కువ, పీహెచ్ (క్షారగుణాన్ని కొలిచే అంకె) 8 చిల్లర మాత్రమే. వాషింగ్ సోడాది 11 దాకా ఉంటుంది. వంటసోడా మెత్తగా రుద్దే పొడిగా, వాసనలు తగ్గించడానికి బాగుంటుంది కానీ పాత జిడ్డును కరిగించే శక్తి దానికి లేదు.

కుళాయి మొదట్లో, షవర్ రంధ్రాల చుట్టూ, బాత్రూమ్ గ్లాసు మీద తెల్లగా గరుకుగా కనిపించేది పూర్తిగా వేరు. నీళ్లు ఆవిరైపోయాక వెనక మిగిలిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు అవి. సబ్బుతో రోజంతా తోమినా కదలవు. ఆమ్లం తగిలితేనే కరుగుతాయి. తెల్ల వెనిగర్ వాడొచ్చు, అందులో ఎసిటిక్ యాసిడ్ 5 శాతం దాకా ఉంటుంది. నా ఓటు మాత్రం నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే సిట్రిక్ యాసిడ్‌కే. లీటరు గోరువెచ్చని నీటిలో రెండు మూడు పెద్ద చెంచాలు కలిపితే సరిపోతుంది, ఇల్లంతా వెనిగర్ కంపు కొట్టదు.

మూడోది ఫంగస్, టైల్స్ సందుల్లోనూ బాత్రూమ్ మూలల్లోనూ నల్లగా పట్టేది. దీనికి బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్ ద్రవం) గానీ, ఆక్సిజన్ బ్లీచ్‌గా పిలిచే సోడియం పర్‌కార్బొనేట్ పొడి గానీ కావాలి. ఇక నాలుగోది మామూలు దుమ్ము. దీనికి ఏ మందూ అక్కర్లేదు, కాకపోతే పొడిగా ఉండగానే తీసేయాలి. నీళ్లు తగిలిందంటే బురదై గోడకి అంటుకుంటుంది.

వెనిగర్‌లో వంటసోడా కలిపి నురగ తెప్పించే చిట్కా ఇంటర్నెట్ నిండా ఉంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది, అంతే. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పులాంటి సోడియం అసిటేట్ కలిసిన నీళ్లే. రెండిటినీ విడివిడిగా వాడితే రెండూ పనిచేస్తాయి.

ప్రాణం మీదికి తెచ్చే కలయికలు

ఇది చదవకుండా మాత్రం ముందుకు వెళ్లకండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. దానికి బ్లీచ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచ్‌తో వెనిగర్ గానీ, సిట్రిక్ యాసిడ్ గానీ కలిసినా అదే ప్రమాదం. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమిన్లు అనే విషవాయువులు వస్తాయి. స్పిరిట్‌తో కూడా బ్లీచ్ కలపకూడదు. తలుపులు మూసిన చిన్న బాత్రూమ్‌లో ఇవి ఊపిరితిత్తులను నిమిషాల్లో దెబ్బతీయగలవు. కాబట్టి యాసిడ్ వాడిన చోట అదే రోజు బ్లీచ్ వాడను అని ఒక నియమం పెట్టుకోవడం మంచిది. ఎప్పుడైనా ఘాటు వాసనతో కళ్లు మండి దగ్గు వస్తే, కడిగేద్దామని అక్కడే నిలబడకండి. వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వస్తువులకి చేటు చేసేవి కూడా ఉన్నాయి. పాలరాయి, సున్నపురాయి బండలు కాల్షియం కార్బొనేటే కాబట్టి ఆమ్లం మరకతో పాటు రాయినీ తినేస్తుంది. పోయిన మెరుపు మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. అల్యూమినియం మీద వాషింగ్ సోడా పడితే నల్లబడుతుంది. స్టీలు సింకులో బ్లీచ్ నిలవ ఉంచితే చిన్న చిన్న గుంటలు పడతాయి. ఏ కొత్త ద్రావణమైనా ముందు ఎవరికీ కనిపించని మూలలో కాస్త రాసి చూడాలి.

సరంజామా

పెద్ద జాబితా ఏమీ లేదు. రబ్బరు గ్లవ్స్, మాస్కు, రెండు బకెట్లు, రెండు స్ప్రే సీసాలు, పాత టూత్‌బ్రష్‌లు, గీకడానికి పనికిరాని ప్లాస్టిక్ కార్డు, కదలని నిచ్చెన, మైక్రోఫైబర్ గుడ్డలు కొన్ని. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే పని తేలిక, లేకపోతే ఆగిపోయేది ఏమీ లేదు.

గుడ్డల విషయంలో మాత్రం కాస్త పట్టుదలగా ఉండాలి. బాత్రూమ్‌కి ఒక రంగు, వంటగదికి ఇంకో రంగు, మిగతా గదులకి మరో రంగు కేటాయించండి. ఒక్కో గుడ్డని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే మొత్తం ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒక ముఖం మాసిపోగానే తిప్పేయండి. మాసిన ముఖంతోనే తుడుస్తూ పోతే మురికి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కాపురం మారుస్తుందంతే.

మొదటి అడుగు: ఖాళీ చేయడం

సామాన్ల మధ్య నుంచి శుభ్రం చేయడం కుదరదు. ఒక గదిలో గట్ల మీద, బల్లల మీద, నేల మీద ఉన్నవన్నీ ముందు తీసేయండి. తీసేటప్పుడే ఉంచుకునేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని మూడు కుప్పలు చేయండి. తేల్చుకోలేని వాటి కోసం ఒకే ఒక్క పెట్టె పెట్టుకోండి. పాత ఫోటోలు, ఉత్తరాలు తెరిచారో, ఆ రోజుకి పని అయిపోయినట్టే. అవి అలాగే పక్కన పెట్టేయండి.

ఇల్లంతా ఒకే రోజులో చేయాలని టెన్షన్ పడొద్దు. దుమ్ము దులపడం మాత్రం ఇల్లంతటికీ ఒకే రోజు పెట్టుకోండి. శుభ్రం చేసిన గది పక్కనే తర్వాతి రోజు బూజు దులిపితే మొదటికొస్తుంది. తడిపని ఆ తర్వాత గది చొప్పున చేసుకోవచ్చు.

రెండో అడుగు: పైనుంచి కిందికి, పొడిగా

దుమ్ము ఎప్పుడూ కిందికే రాలుతుంది. అందుకే సీలింగ్ మూలల్లో బూజుతో మొదలై, ఫ్యాన్లు, లైట్లు, అటక అంచులు, తలుపు చట్రాలు, అల్మరా పైభాగాలు, చివరికి నేల. మంచాల మీద, సోఫాల మీద పాత దుప్పట్లు కప్పి మొదలుపెట్టండి.

ఫ్యాన్‌కి స్విచ్ కట్టేసి, అది పూర్తిగా ఆగాక పాత దిండు గలీబును రెక్కకి తొడిగి, పైనుంచి రెండు చేతులతో నొక్కి పట్టి లాగండి. దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మన మొహాన పడదు. ఆ తర్వాతే తడిగుడ్డ. రెక్కల్ని వంచేలా బలం పెట్టకండి, ఒక్క రెక్క వంగినా ఫ్యాన్ ఊగడం మొదలుపెడుతుంది. ఏసీ ముందు మూత తెరిచి ఫిల్టర్లు బయటికి తీసి, కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరాక పెట్టేయండి. లోపలి కాయిల్, గ్యాస్ జోలికి వెళ్లొద్దు, అది మెకానిక్ పని.

మూడో అడుగు: నానబెట్టాల్సినవి ముందు నానబెట్టేయడం

తడిపని మొదలుపెట్టే రోజు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. చిమ్నీ ఫిల్టర్లు, స్టవ్ ప్లేట్లు, షవర్ తల, కుళాయి జల్లెడలు, ఇవన్నీ దేని ద్రావణంలో దాన్ని పడేసి వేరే పనికి వెళ్లిపోండి. తిరిగి వచ్చేసరికి సగం పని వాటంతట అవే చేసి ఉంటాయి.

స్టీలు చిమ్నీ ఫిల్టరయితే పెద్ద టబ్బులో బాగా వేడినీళ్లు పోసి, అరకప్పు వాషింగ్ సోడా, కాస్త డిష్ లిక్విడ్ వేసి అరగంట, గంట ఉంచండి. అల్యూమినియం జల్లెడ ఫిల్టరయితే సోడా వద్దు, వేడినీళ్లు, డిష్ లిక్విడ్‌తోనే సరిపెట్టుకోవాలి. షవర్ తల ఊడదీయడం కుదరకపోతే ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవర్ మునిగేలా రబ్బరుతో కట్టండి. అరగంటకోసారి చూస్తూ ఉండండి, రాత్రంతా వదిలేస్తే పైపూత చెడిపోవచ్చు.

వంటగది

ఇంట్లో ఎక్కువ టైమ్ తినేది ఇదే, కాబట్టి దీనికి ఒక రోజు మొత్తం ఇచ్చేయండి.

అల్మరాలు ఖాళీ చేసి, అడుగున పరిచిన కాగితాలు తీసేసి, ముందు పొడిగా ఊడ్చండి. మూలల్లో పడిన పొడులు, గింజలే పురుగులకి ఆహారం. తలుపుల మీది జిడ్డుకి గోరువెచ్చని నీళ్లలో డిష్ లిక్విడ్ కలిపి స్ప్రే చేసి, ఐదు పది నిమిషాలు ఆగి, చెక్క గీతల వెంబడే తుడవండి. చెక్కని తడిపి వదిలేయకండి, వెంటనే పొడిగుడ్డ పట్టాలి. పిడుల చుట్టూ, స్టవ్ పైన ఉన్న అల్మరా అడుగుభాగం, చిమ్నీ నెత్తి, ఈ మూడు చోట్ల జిడ్డు దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంటుంది. అక్కడ వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని కాసేపు కప్పి ఉంచితే మెత్తబడుతుంది, తర్వాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే పొరలాగా లేచి వస్తుంది.

గ్యాస్ స్టవ్‌కి రెగ్యులేటర్ కట్టేసి, బర్నర్లు పూర్తిగా చల్లారాక తీసి నానబెట్టండి. రంధ్రాల్లో సన్నని తీగతో గుచ్చండి. తడి ఏమాత్రం మిగిలినా మంట సరిగ్గా రాదు, కాబట్టి బాగా ఆరాకే బిగించాలి. మైక్రోవేవ్‌కి ఇంకా తేలిక దారి ఉంది. గిన్నెలో నీళ్లు పోసి కాస్త వెనిగర్ వేసి మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, తలుపు తీయకుండా ఇంకో ఐదు నిమిషాలు వదిలేయండి. ఆవిరికి మరకలు నాని, గుడ్డ తగిలితే చాలు ఊడొస్తాయి. గిన్నె బయటికి తీసేటప్పుడు జాగ్రత్త, నీళ్లు ఒక్కసారిగా పొంగొచ్చు.

ఫ్రిజ్‌కి ప్లగ్ తీసేసి అంతా ఖాళీ చేయండి. గాజు అరలని చల్లగా ఉండగానే వేడినీళ్ల కింద పెడితే పగులుతాయి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. లోపల తుడవడానికి లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల వంటసోడా చాలు, ఘాటు వాసన ఉన్న క్లీనర్లు వాడితే తర్వాత అవే వాసనలు ఆహారానికి పడతాయి. తలుపు రబ్బరు మడతల్లో టూత్‌బ్రష్ పెట్టి తోమండి. వెనక గోడ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతే కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తాయి. ఫ్రిజ్ వెనక కాయిల్ బయటికి కనిపించే రకమైతే దాని మీది దుమ్ము బ్రష్‌తో దులిపేయండి, వేడి సరిగ్గా బయటికి పోతే కరెంటు ఖర్చూ తగ్గుతుంది. మళ్లీ ఆన్ చేశాక లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా చూసుకోండి.

సింకు చివరికి. వంటసోడా చల్లి తడి స్పాంజితో స్టీలు గీతల వెంబడి రుద్దితే మెరుస్తుంది. కింద ప్లాస్టిక్ పైపులుంటే మరుగుతున్న నీళ్లు పోయకండి, పీవీసీ మెత్తబడి అతుకులు వదులవుతాయి.

బాత్రూమ్

కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మొదలుపెట్టండి. వెంట్రుకలు, దుమ్ము ముందు పొడిగా ఉండగానే ఊడ్చేస్తే డ్రెయిన్ మూసుకుపోదు.

ఇక్కడ యాసిడ్ పనీ, బ్లీచ్ పనీ రెండూ ఉంటాయి. ఒక రోజు యాసిడ్, మరో రోజు బ్లీచ్. మొదటి రోజు కమోడ్ లోపలి అంచు కింద చుట్టూ టాయిలెట్ క్లీనర్ పోసి, డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా పది పదిహేను నిమిషాలు, వదిలేయండి. ఈలోపు కుళాయిలకి, గ్లాసుకి, పింగాణీ టైల్స్‌కి సిట్రిక్ యాసిడ్ నీళ్లు స్ప్రే చేయండి. నిలువుగా ఉన్న చోట ద్రావణం కిందికి కారిపోతుంది కదా, అందుకని దానితోనే తడిపిన టిష్యూ కాగితం కుళాయి చుట్టూ చుట్టండి. పావుగంట తర్వాత టూత్‌బ్రష్‌తో తోమి బాగా కడిగేయండి. కమోడ్ బయట, దాన్ని నేలకి బిగించిన బోల్టుల చుట్టూ, మూత కీళ్ల దగ్గర తోమడం మర్చిపోవద్దు. ఎంత కడిగినా బాత్రూమ్‌లో వాసన పోవట్లేదంటే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

రెండో రోజు, అంతా కడిగి ఆరాక, ఫంగస్ సంగతి చూడాలి. టైల్స్ సందులకి సోడియం పర్‌కార్బొనేట్ పొడిని వేడినీళ్లలో ముద్దలా కలిపి పూసి అరగంట ఉంచండి. 40 డిగ్రీలు దాటిన నీళ్లలోనే ఇది చురుగ్గా పనిచేస్తుంది, చన్నీళ్లలో కలిపితే బాగా నెమ్మదిస్తుంది. వాష్‌బేసిన్ చుట్టూ సిలికాన్ మీది నల్లమచ్చలకైతే టిష్యూని తాడులా పేని, బ్లీచ్‌లో తడిపి, మచ్చ మీద అతికించి రెండు మూడు గంటలు వదిలేయండి. అప్పటికీ పోకపోతే ఫంగస్ సిలికాన్ లోపలికి దిగిపోయిందన్నమాట, కోసి తీసేసి కొత్తది పెట్టించడమే దారి.

క్రిములు చంపడానికి బ్లీచ్ వాడాలంటే, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నదాన్ని లీటరు చన్నీళ్లకి 20 మిల్లీలీటర్లు కలపండి. పూశాక కనీసం ఒక నిమిషమైనా తడిగా ఉండాలి. ముందు సబ్బుతో కడగని చోట బ్లీచ్ పోసినా వృథా, దాని బలమంతా మురికే తినేస్తుంది. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోసి మళ్లీ కలుపుకోవాలి.

ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తోందంటే తప్పు క్లీనర్‌ది కాదు, తేమది. స్నానమయ్యాక వైపర్‌తో గోడల నీళ్లు లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంకాసేపు తిరగనివ్వండి. ఇంట్లో గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మంచిది. ఫంగస్ పది చదరపు అడుగులు, అంటే దాదాపు మూడడుగుల చదరం, మించి పాకి ఉంటే సొంతంగా గీకొద్దు, తెలిసినవాళ్లని పిలవండి.

పడకగది, హాలు

దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే డస్ట్ మైట్లు, అంటే దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు, చస్తాయి. తుమ్ములు, ఎలర్జీ ఉన్నవాళ్లింట్లో ఇది తప్పనిసరి. గుడ్డ మీది లేబుల్ అంత వేడిని ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. పరుపుని నిలబెట్టి రెండు వైపులా, ముఖ్యంగా కుట్ల గాడుల్లో, వ్యాక్యూమ్ చేయండి. వంటసోడా పల్చగా చల్లి కొన్ని గంటలు ఉంచి మళ్లీ లాగేస్తే వాసన తగ్గుతుంది. పరుపు మీద నీళ్లు మాత్రం పోయకండి, లోపలి తడి ఆరదు, ఫంగస్ పడుతుంది.

టీవీ, కంప్యూటర్ తెరల మీద నేరుగా ఏమీ స్ప్రే చేయొద్దు. ఆఫ్ చేసి, పొడి మైక్రోఫైబర్‌తో, అవసరమైతే చాలా కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవండి. స్విచ్ బోర్డులకి మెయిన్ ఆపేసి, పిండిన గుడ్డ. రిమోట్లు, తలుపు పిడులు అందరి చేతులూ పడే చోట్లు, వాటిని 70 శాతం స్పిరిట్ గుడ్డకి అద్ది తుడిచేయండి.

కిటికీలు, గోడలు

కిటికీ గాడుల్లో ముందు పొడి బ్రష్, తర్వాతే తడి. అద్దాలని ఎండ నేరుగా పడే వేళ తుడవకండి, నీళ్లు క్షణంలో ఆరిపోయి చారలు మిగులుతాయి. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడవండి. ఎక్కడైనా చార మిగిలితే అది ఏ వైపుదో చూడగానే తెలిసిపోతుంది.

గోడల దగ్గర మాత్రం పైనుంచి కిందికి అన్న నియమం తలకిందులవుతుంది. పొడిగా, మురికిగా ఉన్న గోడ మీదికి పైనుంచి నీళ్లు కారితే ఆ చారలు పోవు. కింద నుంచి పైకి కడుక్కుంటూ వెళ్లి, చివరికి పైనుంచి కిందికి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఇది ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడలకే. డిస్టెంపర్ గోడకి తడిగుడ్డ పెడితే రంగే ఊడొస్తుంది, దానికి పొడి దుమ్ము దులపడంతోనే తృప్తి పడాలి.

నేల, ఆ పైన

నేలకి రెండు బకెట్లు: ఒకదాంట్లో క్లీనర్ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో మాప్ జాడించడానికి మంచినీళ్లు. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిస్తే ఆఖరి గదికి చేరేసరికి పూసేది మొదటి గది మురికే. గదిలో లోపలి మూల నుంచి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ రండి. క్లీనర్ ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అనుకోకండి, మిగిలిన సబ్బు పొర మీద మర్నాటికే దుమ్ము అంటుకుంటుంది. చెక్క ఫ్లోరింగ్‌కి గట్టిగా పిండిన మాప్ మాత్రమే.

అన్నీ అయ్యాక పరికరాల వంతు. మైక్రోఫైబర్ గుడ్డల్ని వేడినీళ్లలో విడిగా ఉతకండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే దాని పొర పట్టి మళ్లీ దుమ్ము పీల్చవు. బాత్రూమ్ గుడ్డల్ని వాటితో కలపకండి. మాప్‌ని బకెట్‌లో వదిలేయకుండా పిండి, తల పైకి పెట్టి గాలికి ఆరేయండి. వాషింగ్ మెషీన్‌ని ఖాళీగా ఒకసారి వేడి సైకిల్‌లో తిప్పి, తలుపు రబ్బరు మడత తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. మిగిలిన ద్రావణాల్ని తాగే నీళ్ల సీసాల్లో ఎప్పుడూ పోయకండి. స్ప్రే సీసాల మీద లోపల ఏముందో, ఎప్పుడు కలిపారో రాసి, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టేయండి.